ఇల్లందు అటవీ ప్రాంతం: నాటిన మొక్కలు, నిలిచిన అడవి
(ప్రత్యేక వ్యాసం)

ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతాల సరిహద్దున గల ఇల్లందు పట్టణం తెలంగాణలో బొగ్గు పరిశ్రమకు పుట్టినిల్లు. 1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందగా, 1889లో ఉత్పత్తి ఆరంభమైనది. పొరుగున గల సింగరేణి గ్రామం పేరనే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇల్లందు, ఖమ్మం జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది.

అడవుల పునరుద్ధరణ గురించి ఈ ప్రాంతం నుండి వెలువడే వార్తలలో సాధారణంగా కనిపించే అంకె నాటిన మొక్కల సంఖ్య. ఆ ఒక్క అంకెతో అడవి పరిస్థితిని అంచనా వేయడం సాధ్యం కాదు. విలేఖరులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఈ విషయంలో ఉపకరించగల కొంత సమాచారాన్ని ఇక్కడ పొందుపరచడమైనది.

బొగ్గు పొగకు మొక్క బదులు కాగలదా?

ఇల్లందు బొగ్గు కూడా ఒకనాటి అడవియే. సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాల క్రితం గోదావరి లోయలో పెరిగిన గ్లోసాప్టెరిస్ వర్గపు వృక్షాలు చిత్తడి నేలలలో పూడిపోయి బొగ్గుగా మారినవి. అన్ని కోట్ల ఏండ్లు భూమిలో నిలువయున్న కర్బనం గత 130 ఏండ్లకు పైగా వెలికి వచ్చుచున్నది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో సింగరేణి సంస్థ తన గనులన్నింటిలో కలిపి సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గును ఉత్పత్తి చేసింది. మన బొగ్గు ఒక టన్ను మండినచో స్థూలంగా ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడును. ఆ లెక్కన ఒక్క ఏడాది బొగ్గుకు సుమారు పదిన్నర కోట్ల టన్నులు.

ఎదుగుతున్న అడవి హెక్టారుకు ఏటా 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొనునని ఉదారంగా లెక్కించినను, దీనికి 1 కోటి 5 లక్షల హెక్టార్ల అడవి కావలసియుండును. తెలంగాణ రాష్ట్రపు మొత్తం విస్తీర్ణమే సుమారు 1 కోటి 12 లక్షల హెక్టార్లు. ఊళ్ళు, పొలాలు, చెరువులు, రహదారులు అన్నీ అందులోనివే. కనుక మొక్కలు నాటి బొగ్గు పొగను చెల్లువేయవచ్చుననే మాట లెక్కకు నిలువదు. ఆ భారం తగ్గవలసినది ప్రధానంగా ఇంధనం మార్పు వలననే. ఇల్లందులో సింగరేణి సంస్థ 39 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పడం ఆ దిశలో జరిగిన పని.

అట్లయినచో అడవి ప్రయోజనం ఏమిటన్న ప్రశ్న రాగలదు. ఉన్న అడవి నేలలోను, వేరులోను, మానులోను దాచుకొన్న కర్బనాన్ని బయటికి పోనీయకపోవడం మొదటి ప్రయోజనం. స్థానికులకు అంతకంటె దగ్గరి ప్రయోజనాలు వాన నీటిని నేలలోనికి ఇంకించుట, వేసవి తాపాన్ని తగ్గించుట, వాగులను మాఘమాసం దాటి పారనిచ్చుట.

కిన్నెరసాని పరివాహక ప్రాంతం

ఇల్లందుకు ఉత్తరాన గుండాల, ఆళ్ళపల్లి మండలాల మీదుగా కిన్నెరసాని నది ప్రవహిస్తున్నది. తాడ్వాయి, మేడారం అడవులలో పుట్టి, బూర్గంపహాడ్ వద్ద గోదావరిలో కలిసే ఈ నది తెలుగు పాఠకులకు విశ్వనాథ సత్యనారాయణ గారి గేయకావ్యం ద్వారా చిరపరిచితం. నదిపై పాల్వంచ సమీపాన నిర్మించిన జలాశయం కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీరందించుచున్నది. అనగా బొగ్గుతో నడిచే కేంద్రం సైతం ఎగువన గల అడవి కాపాడిన నీటిపై ఆధారపడియున్నది. ఈ సంబంధం తరచు విస్మరింపబడుచున్నది.

1977లో ప్రకటించిన కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం విస్తీర్ణం 635.40 చదరపు కిలోమీటర్లు. దుప్పి, కణుజు, మనుబోతు, కొండగొర్రె, అడవిదున్న, ఎలుగుబంటి, చిరుత, దుమ్ములగొండి ఈ అడవులలోని జంతువులు. జలాశయంలో మొసళ్ళు కలవు. ఉత్తరాన ఏటూరునాగారం అభయారణ్యం, గోదావరి ఆవల ఛత్తీస్‌గఢ్ అడవులు ఉండుటచే ఇది జంతువుల రాకపోకలకు దారి. 2020 చివరి నెలలలో ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవులలో పులి సంచారాన్ని అటవీ శాఖ గుర్తించింది. పులి నిలువవలెనన్న ముందు దుప్పి, కణుజు నిలువవలెను. అవి నిలువవలెనన్న గడ్డి, నీరు, చాటు కావలెను. వరుసలలో నాటిన ఒకే జాతి తోటలో ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పక కొరవడును.

2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలులకు తాడ్వాయి, మేడారం అడవులలో వేలాది వృక్షాలు నేలకూలినవి. ఆ వర్షాలకే ఖమ్మంలో మున్నేరు పొంగి పట్టణంలోని కాలనీలు ముంపునకు గురైనవి. పడిన చెట్ల మోడుల నుండి పిలకలు వచ్చుటకు, నేలలోని విత్తనాలు మొలచుటకు అవకాశమిచ్చి, పశువులను, నిప్పును దూరంగా ఉంచినచో ఆకురాల్చు అడవి చాలవరకు తనంతట తానే లేవగలదు. యంత్రాలతో చదునుచేసి కొత్త మొక్కలు నాటుటకంటె ఇది చవక, సురక్షితం కూడా.

మట్టి దిబ్బలపై మొక్కలు

ఉపరితల గనుల విషయం వేరు. ఇల్లందు పరిసరాలలోని జవహర్ ఖని, టేకులపల్లి మండలంలోని కోయగూడెం వంటి చోట్ల బొగ్గు తీయుటకు ముందు పైనున్న ఇసుకరాతి పొరలను తొలగించి దిబ్బలుగా పోయుదురు. ఆ రాతిపొడిలో వేరుకు పట్టు ఉండదు, సేంద్రియ పదార్థం దాదాపు శూన్యం, వేసవిలో పైపొర మాడిపోవును. ఇక్కడ మోడు లేదు, నేలలో విత్తనం లేదు; కావున నాటక తప్పదు. తొలుత తీసిన సారవంతమైన పైమట్టిని వేరుగా ఉంచి తిరిగి దిబ్బపై పరచుట ఇందులో కీలకం. ఆ మట్టి ఏండ్ల తరబడి కుప్పగా పడియున్నచో అందలి సూక్ష్మజీవులు నశించును. ఏటవాలును మెట్లుగా మలచి, గడ్డి, వెదురు, కానుగ వంటివి ముందు నిలిపి, పిదప ఉసిరి, నేరేడు, మేడి, రావి, ఇప్ప వంటి స్థానిక జాతులను చేర్చినచో పక్షులు రాగలవు. మిగిలిన విత్తనాలను అవే తెచ్చును.

దీనికి బదులు త్వరగా పచ్చదనం కనబడుటకు సుబాబుల్, జామాయిల్ వంటివి మాత్రమే నాటిన దిబ్బలు పైనుండి తీసిన చిత్రాలలో పచ్చగానే కనిపించును. భారత అటవీ సర్వేక్షణ సంస్థ నివేదికలలో హెక్టారు విస్తీర్ణం దాటిన, 10 శాతానికి మించి చెట్ల నీడ గల ప్రతి స్థలం, యాజమాన్యంతో గాని జాతితో గాని నిమిత్తం లేకుండా, అటవీ విస్తీర్ణంగా నమోదగును. సారపాక కాగితపు కర్మాగారం కారణంగా జామాయిల్ తోటలు విస్తరించిన ఈ జిల్లాలో ఆ నిర్వచనాన్ని గుర్తుంచుకొని నివేదికను చదువుట అవసరం.

అటవీ భూమిని గనులకు మళ్ళించినపుడు 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం ప్రత్యామ్నాయంగా వనీకరణ చేయవలెను. ఆ నిధుల నిర్వహణకు 2016లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 30 నుండి అమలులోనికి వచ్చినది. గనుల మూసివేత ప్రణాళికకు కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మార్గదర్శకాలు జారీ చేసింది. ఇక్కడ కోల్పోయిన అడవికి బదులు మరొక చోట మొక్కలు పెంచినచో కర్బనం లెక్క కొంత సరిపడవచ్చును. ఇక్కడి వాగుకు మాత్రం నీరు రాదు.

పోడు, ఇప్ప, తునికి

ఈ అడవిలో కోయలు తరతరాలుగా నివసిస్తున్నారు. సంయుక్త అటవీ యాజమాన్యం క్రింద 1992 నుండి వన సంరక్షణ సమితులు ఏర్పడినవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాగుదారులకు హక్కులతో పాటు, గ్రామసభకు సామూహిక అటవీ వనరులను కాపాడుకొను అధికారాన్ని కూడా ఇచ్చినది. 2023 జూన్ 30న రాష్ట్రంలో ప్రారంభమైన పోడు పట్టాల పంపిణీలో సుమారు 4 లక్షల ఎకరాలకు పట్టాలు ఉద్దేశింపబడగా, జిల్లాలలో భద్రాద్రి కొత్తగూడెం వాటాయే అత్యధికం. అంతకు ముందు 2022 నవంబరు 22న ఇదే జిల్లాలోని చంద్రుగొండ మండలంలో ప్లాంటేషన్ వద్ద జరిగిన దాడిలో ఒక ఫారెస్టు రేంజి అధికారి ప్రాణాలు కోల్పోయారు. సాగుదారుని ప్రమేయం లేకుండా అతడు తనదిగా భావించే నేలపై మొక్కలు నాటుట ఎవరికీ క్షేమం కాదని ఆ సంఘటన తర్వాతనైనా గ్రహించవలసియున్నది.

సామూహిక హక్కుల అంశం పట్టాల వార్తల మధ్య మరుగున పడినది. నిజానికి అడవిని కాపాడుటలో గ్రామస్థులకు స్పష్టమైన ప్రయోజనం కలదు. ఫాల్గుణ, చైత్రాలలో రాలే ఇప్పపూవు వారికి ఆహారం, ఆదాయం. దుప్పులకు, ఎలుగులకు మేత. తరువాత వచ్చునది తునికాకు సేకరణ. అయితే పూవు ఏరుటకు ఇప్పచెట్టు క్రింద ఆకు తగులబెట్టుట, తునికి చిగురు కొరకు నిప్పు పెట్టుట కార్చిచ్చులకు ముఖ్య కారణాలు. పిలకగా లేచిన మద్ది, టేకు, ఏగిస ఏటేటా ఆ నిప్పుకు మాడి, వేరు బలమున్నను మోకాలెత్తు దాటలేకపోవుచున్నవి. చెట్టు క్రింద ఆకు ఊడ్చుట, వలలు పరచుట, తునికిని నిప్పుకు బదులు కొడవలితో కత్తిరించుట దీనికి ప్రత్యామ్నాయాలు.

కార్చిచ్చుల కాలం ఫిబ్రవరి నుండి జూన్ తొలివారం వరకు. ఉపగ్రహాలు గుర్తించిన అగ్నిప్రమాద స్థలాల వివరాలను భారత అటవీ సర్వేక్షణ సంస్థ బీటు స్థాయి వరకు సందేశాల ద్వారా పంపుచున్నది. సంస్థ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకొనినచో సాధారణ పౌరులు, విలేఖరులు కూడా తమ ప్రాంతపు సందేశాలను ఉచితంగా పొందవచ్చును.