ఎరుగనివానికి అప్పు

ఊరి షావుకారు అప్పిచ్చునపుడు ప్రోనోటు మీద సంతకము తరువాతి మాట. పుచ్చుకొను మనిషి యెవరు, వాని తండ్రి పాత బాకీ తీర్చినాడా లేదా, ఎన్ని యెకరముల భూమి కలదు, వేసవిలో బావిలో నీరు నిలుచునా యనునది షావుకారు ముందుగనే యెరుగును. కంపెనీ ఋణపత్రమును, అనగా బాండునో డిబెంచరునో కొను గృహస్థునకు ఇందులో ఒక్కటియు తెలియదు. ఎక్కడనో ఉన్న కర్మాగారమునకు, ముఖమైనను చూడని డైరెక్టర్లకు, పది యిరువది యేండ్ల గడువుకు తాను కూడబెట్టినది అప్పుగా ఇచ్చుచున్నాడు. వాటాదారు కంపెనీలో భాగస్వామి. లాభము వచ్చిన పంచుకొనును, నష్టము వచ్చిన సహించును. ఋణపత్రదారు వట్టి ఋణదాత. నిర్ణయించిన వడ్డీ, గడువు తీరిన నాడు అసలు, ఇంతకు మించి అతడు కోరునది లేదు.

ఇట్టి పత్రముల వ్యాపారము అమెరికాలో మహావృక్షమువలె పెరిగినది. జర్మనీ, జపానులు సంపన్న దేశములే యైనను అక్కడ చిరకాలము అది మొక్కగానే ఉండెను. కంపెనీలు తమ ధనావసరములకు బ్యాంకులనే ఆశ్రయించెను. కారణమేమి? దేశమున ధనము పెరిగిన కొలది ఈ వ్యాపారమును దానంతట అదే పెరుగునని మొదట మేమును అనుకొంటిమి. చరిత్రను తిరుగవేసిన పిదప ఆ యభిప్రాయము నిలువలేదు. ధనముండుట వేరు, దానిని ఎరుగనివాని చేతిలో పెట్టుటకు ధైర్యముండుట వేరు. ఆ ధైర్యము ఏయే దేశములలో ఎట్లు కలిగినదో, ఎంత మూల్యము చెల్లించిన పిదప కలిగినదో విన్నవించుటకే ఈ ప్రసంగము.

అమెరికాలో అంతర్యుద్ధము 1861లో ఆరంభమయ్యెను. సైన్యములను పోషించుటకు ప్రభుత్వమునకు ధనము చాలలేదు. అప్పుడు ఫిలడెల్ఫియా నగరపు బ్యాంకరు జే కుక్ అను నాతడు ప్రభుత్వ ఋణపత్రములను అమ్మిపెట్టుటకు పూనుకొనెను. అంతవరకు ఇట్టి పత్రములు ముఖ్యముగా బ్యాంకుల ఇనుప పెట్టెలలో ఉండునవి. కుక్ వానిని వీథిలోనికి తెచ్చెను. వేలకొలది యేజెంట్లను నియమించి, పత్రికల నిండ ప్రకటనలు వేయించి, రైతులకును, చిల్లర వర్తకులకును, చేతిపనివారికిని 50 డాలర్ల పత్రము మొదలుకొని అమ్మించెను. నూటికి 6 వడ్డీ గల ఒక్క ఋణము క్రిందనే 50 కోట్ల డాలర్లు సమకూరెను. యుద్ధము ముగిసినది, ప్రభుత్వము వడ్డీని తప్పక చెల్లించినది. కాగితమును నమ్మి అప్పిచ్చుట సామాన్య కుటుంబమునకు అలవాటయ్యెను.

ఆ యలవాటును కుక్ 1870లో వేరొక పనికి వినియోగించెను. సుపీరియర్ సరస్సు నుండి పసిఫిక్ సముద్రము వరకు నార్తర్న్ పసిఫిక్ కంపెనీ రైలుమార్గము వేయ తలపెట్టినది. దారి పొడుగున ప్రభుత్వము దానమిచ్చిన భూములు తాకట్టు. వడ్డీ నూటికి 7.3. ప్రభుత్వ పత్రముకన్న వడ్డీ యెక్కువ, అమ్మువాడు వెనుకటి నమ్మకస్తుడే. ఆ ప్రాంతమున నేలయెల్ల మంచు గడ్డకట్టు శీతకాలమును గూర్చి ప్రకటనలు మౌనము వహించి, శీతోష్ణస్థితి బహు సుఖకరమని పటములు గీసి చూపెను. పరిహాసప్రియులు ఊరకుందురా? ఆ సీమకు 'జే కుక్ గారి అరటితోటలు' అని పేరు పెట్టిరి. 1873లో రైలు మిస్సోరీ నదీతీరమునకు చేరగా, అక్కడ వెలసిన ఊరికి జర్మను ప్రధాని బిస్మార్కు పేరు పెట్టిరి. ఆ పేరు విని జర్మనులు ముచ్చటపడి పెట్టుబడి పెట్టుదురేమో యని ఆశ! ఆ నగరము నేటికిని అదే పేర పిలువబడుచున్నది.

ఆ ఆశ ఫలింపలేదు. 1873 సెప్టెంబరు 18న కుక్ సంస్థ తలుపులు మూసికొన్నది. రెండు దినముల పిదప న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజి మూతపడి పది దినముల వరకు తెరవబడలేదు. రైలు కంపెనీలు ఒకదాని వెంట నొకటి దివాలా తీసెను. 1875లో నార్తర్న్ పసిఫిక్ కంపెనీని తిరిగి నిలువబెట్టినపుడు దాని ఋణపత్రములు వాటాలుగా మార్చబడెను. వడ్డీకై అప్పిచ్చిన గృహస్థు తన ప్రమేయము లేకయే నష్టమునకు భాగస్వామి యయ్యెను. ఇందులో ఒక విచిత్రము కలదు. ఆ పత్రములను కంపెనీ భూములకు మారకముగా ఇచ్చుకొనవచ్చునను షరతు ఉండెను. అది ఎరిగిన కొందరు చాకచక్యముగలవారు, ధర పడిపోయిన పత్రములిచ్చి రెడ్ నది లోయలో వేలకొలది యెకరములు పుచ్చుకొని గోధుమ పండించి ధనవంతులైరి. ఆ షరతు అందరి పత్రములకును ఒక్కటే.

కావలసిన సమాచారము ఆనాడు లేకపోలేదు. హెన్రీ వార్నమ్ పూర్ అను నాయన 1868 మొదలు ఏటేట రైలు కంపెనీల ఆస్తులు, అప్పులు, జమాఖర్చులు ఒక పెద్ద గ్రంథముగా అచ్చు వేయుచుండెను. కాని అట్టి గ్రంథమును కొని, అంకెలు పోల్చి చూచు తీరిక పొలము దున్నుకొనువానికి ఎక్కడిది? 1909లో జాన్ మూడీ ఈ చిక్కును కొంత విప్పెను. 1907 నాటి ఆర్థిక సంక్షోభమున తన వ్యాపారము పోగొట్టుకొన్న మనిషి ఆయన. రైలు ఋణపత్రములను పరిశీలించి, అక్షరములతో వానికి శ్రేణులు నిర్ణయించి ప్రకటించెను. 1929 పతనము తరువాత ప్రభుత్వమును కదలినది. పత్రము లమ్మువారు తమ స్థితిగతులను బహిరంగపరచవలెనని 1933 చట్టము విధించెను. 1939 చట్టము ఇంకను ముందుకు పోయి, ఋణపత్రదారుల పక్షమున స్వతంత్రుడైన ధర్మకర్త యుండవలెననియు, అసలు వడ్డీలు రాబట్టుకొను హక్కును ఏ పత్రదారునకును అతని సమ్మతి లేక తగ్గింపరాదనియు శాసించెను. ఊరి షావుకారునకు స్వయముగా తెలిసిన సంగతులను ఎరుగనివానికి సమకూర్చుటకు ఈ విధముగా ఏడు పదుల యేండ్లు పట్టెను.

జీవితబీమా కంపెనీల పాత్రయు చిన్నది కాదు. ముప్పది యేండ్ల తరువాత చెల్లింపవలసిన ధనమును అవి అంత గడువు గల పత్రములలోనే పెట్ట గోరును. ద్రవ్యోల్బణము తీవ్రమైన చోట మాత్రము ఎవ్వరును దీర్ఘకాలపు అప్పు ఇయ్యరు. తిరిగివచ్చు రూపాయి పూర్వపు రూపాయి కాదు గదా. చిలీ దేశమున 1967లో ధరలతో పాటు పెరుగు లెక్కల ప్రమాణమొకటి కల్పించి, 1981లో పింఛను నిధులను స్థాపించిన పిదపనే దీర్ఘకాలిక ఋణపత్రములకు చలామణి హెచ్చినది.

ఇంతకన్న సులభమైన దారి యొకటి కలదు. అది హామీ. భారతదేశమున రైలు కంపెనీలకు 1849 మొదలు నూటికి 5 చొప్పున రాబడి తప్పక ముట్టజెప్పుదుమని ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము మాట యిచ్చెను. పేరునకు అవి వాటాలే గాని, గుణమున ఋణపత్రములే. లండనులో మూలధనము వెల్లువగా వచ్చినది. తన కైదు పాళ్లు ఎట్లును ముట్టునపుడు, తన సొమ్ము ఇటుకయు సున్నమునుగా మారినదో హుగ్లీ నదిలో పారవేయబడినదో ఇంగ్లండు ధనికునకు చింత లేదని, భారత ప్రభుత్వ ఆర్థిక శాఖను నిర్వహించిన మాసీ దొర 1872లో పార్లమెంటు విచారణ సంఘము ఎదుట సాక్ష్యము చెప్పెను.

ఈ హామీ తెలుగు నేలకును వచ్చినది. ఆర్థర్ కాటన్ దొర ప్రోత్సాహమున ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, కర్నూలు దగ్గర సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప వరకు కాలువ త్రవ్వినది. పది లక్షల పౌనుల మూలధనమునకు నూటికి 5 హామీ. కాలువ దాదాపు 190 మైళ్లు సాగినది. కాని దారి పొడుగున నల్లరేగడి నేలలు. జొన్న, ప్రత్తి వేసికొను రైతులు పన్ను చెల్లించి నీరు పుచ్చుకొనుటకు ఆసక్తి చూపలేదు. పెట్టుబడి పెట్టువాడు పొలములు చూచి, రైతును అడిగి, లెక్క కట్టియుండిన ఈ సంగతి ముందే తేలెడిది. హామీ యున్నందున అడుగవలసిన పని లేకపోయెను. లండనులోని వాటాదారులకు మాత్రము వడ్డీ ముట్టుచునే యుండెను. దానిని భరించినది మన దేశపు రాబడి. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసినది. ఆ కాలువ క్రింద నేడు పండు పంటలను చూచినవారు కాటన్ దొర దూరదృష్టిని మెచ్చుకొనవచ్చును. దానిని కాదనము, మేము చెప్పునది అప్పు మాట.

జపానులో హామీకి బదులు తాకట్టు రాజ్యమేలినది. 1927 నాటి సంక్షోభమున పలు కంపెనీలు వడ్డీ ఎగవేయగా, ఇక తాకట్టు లేని పత్రములను విడుదల చేయనీయరాదని 1930ల ఆరంభమున బ్యాంకులు కట్టుబాటు చేసికొనెను. ఎవరు అప్పు చేయవచ్చునో, ఎంత చేయవచ్చునో బ్యాంకులే నిర్ణయించుచు వచ్చెను. భద్రత కలిగెను గాని వ్యాపారము పెరుగలేదు. 1980లలో జపాను కంపెనీలే తమ పత్రములను యూరపులో అమ్ముకొనసాగెను. ఆ కట్టుబాట్లు 1996 నాటికి గాని పూర్తిగా తొలగలేదు. కొరియాలో 1997 వరకు చాల పత్రములకు బ్యాంకులో, ఇతర ఆర్థిక సంస్థలో పూచీ పడెడివి. ఆ యేట బ్యాంకులే కూలగా పూచీకి విలువ పోయి, పూచీ లేని పత్రములు విస్తరించెను. కాని కంపెనీని చూచి తూచు అలవాటు ఒక్క యేడాదిలో రాదు. 1999లో డేవూ కూలినప్పుడు, దాని పత్రములు కొనియుండిన నిధుల సభ్యులకు ఆ భాగములో వెంటనే కోరిన నూటికి 50, ఆరు నెలలు ఓర్చిన 95 మాత్రమే ఇత్తుమని నిర్ణయించిరి.

మన దేశమున శ్రేణులు నిర్ణయించు తొలి సంస్థ 1987లో, దివాలా స్మృతి 2016లో వచ్చెను. అయినను కంపెనీ ఋణపత్రములలో నూటికి 90కి పైగా బజారునకు రాక, కొలదిమంది పెద్ద కొనుగోలుదారుల నడుమనే చేతులు మారుచున్నవి. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లీజింగ్ అండ్ ఫైనాన్షియల్ సర్వీసెస్ అను సంస్థకు 2018 ఆగస్టు ఆరంభమున అత్యుత్తమ శ్రేణి యుండెను. సెప్టెంబరులో అది బాకీలు చెల్లింపలేకపోయెను. దాని పత్రములు కొన్నవారిలో ఉద్యోగుల భవిష్యనిధులును ఉండెను. పత్రము నిధి పేర ఉన్నను, అందులోని ధనము నెలనెల జీతములో మినహాయించిన ధనమే.