పిండికోడి మెడ మీద కత్తి

గుడి గడప దాటగానే వాసన ముఖాన కొడుతుంది. గుగ్గిలం పొగ, పశువుల చెమట, ఎండిన నెత్తురు. వెనక భటులు. పక్కన నీ చెల్లి. మీరిద్దరూ కవలలు, చిన్న వయసులోనే జైన దీక్ష పుచ్చుకున్నవాళ్లు. పొద్దున గురువు సుదత్తుడు భిక్షకని మిమ్మల్ని ఊళ్లోకి పంపాడు. భటులు దారిలోనే పట్టుకుని ఇక్కడికి తెచ్చారు.

చుట్టూ చూడు. గొర్రెలు, దున్నలు, గుర్రాలు, కోళ్లు. అన్నీ జంటలే. ఒక భక్తుడు నెత్తిమీద గుగ్గిలం మండించుకుని కదలకుండా నిలబడ్డాడు. ప్రతి ప్రాణిలోనూ ఒక జంటను చండమారి దేవతకు బలి ఇస్తే, ఆకాశంలో తిరిగే విద్యాధరుల్ని సైతం గెలిచే ఖడ్గం దొరుకుతుందని మారిదత్త రాజుకు అతని గురువు నూరిపోశాడు. అన్ని జంటలూ వచ్చాయి. మనుషుల జంట ఒక్కటే తక్కువ.

ఆ జంట మీరే.

రాజు కత్తి దూశాడు.

ఏం చేస్తావు? పరిగెత్తలేవు. హంతకుడా అని అరవగలవు. అరిస్తే కత్తి ఇంకా వేగంగా దిగుతుంది. ఏడవగలవు. ఈ గుళ్లో ఏడుపులు కొత్త కాదు. చెల్లి వైపు చూస్తావు. ఆమె బెదరలేదు. ఇద్దరూ కలిసి రాజును దీవిస్తారు.

చెయ్యి ఆగుతుంది. "ఎవరు మీరు? ఎక్కడివాళ్లు?"

దొరికిన సందు ఇదే. ఇందులో నీతులు చెప్పవు. నీకు జరిగింది చెప్తావు.

వెనకటి ఒక జన్మలో నువ్వు ఉజ్జయినిని ఏలే యశోధరుడివి. ఒక రాత్రి నీ భార్య అమృతమతి పడక మీంచి లేచి మావటివాడి దగ్గరికి వెళ్లడం కళ్లారా చూశావు. రాజ్యం మీద మనసు విరిగింది. అసలు సంగతి అమ్మకు చెప్పలేక, పీడకల వచ్చింది, సన్యాసం పుచ్చుకుంటానని అన్నావు. తల్లి చంద్రమతి హడలిపోయింది. "నాయనా, దేవికి జీవాల్ని బలిద్దాం. కీడు పోతుంది." నువ్వు ఒప్పుకోలేదు. ఇద్దరికీ పెద్ద వాదనే జరిగింది. చివరికి ఆమే ఒక మెట్టు దిగింది. "పోనీ, పిండితో కోడిని చేయిద్దాం. దాన్నే బలిద్దాం."

ఆలోచించు. పిండికి ప్రాణం లేదు. అమ్మ మాట నిలుస్తుంది, నీ నియమమూ నిలుస్తుంది. ఇందులో చచ్చేదెవరు?

సరే అంటావు.

కోడిని తెస్తారు. దేవి ముందు నిలబెడతారు. కత్తి ఎత్తుతావు. ఆ క్షణాన నీ మనసులో పిండి లేదు. కోడి ఉంది. మెడ ఉంది. కొడతావు. ఆ పిండిని మాంసమనుకునే వంటింటికి పంపిస్తావు.

ఆ తర్వాత విందు. వడ్డించింది అమృతమతి. విషం. నువ్వు పోతావు. అమ్మా పోతుంది.

మళ్లీ పుడతారు. నువ్వు నెమలివి. అమ్మ కుక్క. ఆ కుక్క కోరల మధ్య నీ ప్రాణం. నువ్వు చేపవి. అమ్మ మొసలి. మేక. దున్న. చివరికి ఇద్దరూ నిజం కోళ్లు. దూసుకొచ్చిన బాణం నీ కొడుకుదే. ఆ కొడుకు భార్య కుసుమావళి కడుపున కవలలుగా పుట్టారు మీరు. కుసుమావళి మారిదత్తుడి చెల్లెలు. అంటే, కత్తి పట్టుకుని నీ ఎదుట నిలబడ్డది నీ మేనమామ.

కత్తి దిగిపోతుంది. బలి ఆగిపోతుంది.

ఈ కథ ఏ దూరదేశానిదో అనుకోకు. కరీంనగర్‌లో జగిత్యాల బస్సు ఎక్కి గంగాధర దగ్గర దిగు. జైన ముని సోమదేవసూరి ఈ కథనే సంస్కృతంలో 'యశస్తిలకం'గా రాసి ముగించింది గంగాధరలోనే, 959లో. అది ఈ గంగాధరేనని పండితులు గుర్తించారు. అప్పుడు ఇక్కడ ఏలుతున్నది వేములవాడ చాళుక్యులు. వాళ్ల ఏలిక, రాష్ట్రకూట మూడో కృష్ణుడు, దక్షిణాదిన చోళుల్ని ఓడించి మేల్పాడిలో దండు దిగి ఉన్నాడు. అంత నెత్తురు పారుతున్న కాలంలో సోమదేవుడు పిండికోడి గురించి రాస్తున్నాడు. పక్కనే కురిక్యాల. బొమ్మలగుట్ట ఎక్కితే రాతిమీద తీర్థంకరులు, చక్రేశ్వరి కనిపిస్తారు. కన్నడ పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలోని తెలుగు కందాలూ ఆ రాతిమీదే ఉన్నాయి.

కథతోనే సోమదేవుడు ఆగలేదు. చివరి మూడు ఆశ్వాసాల్లో ఇల్లూ వాకిలీ ఉన్న మామూలు మనుషులకు నియమాలు రాశాడు. మొదటి మెట్టుకు ఎనిమిదే: మద్యం, మాంసం, తేనె మానాలి, మర్రి, రావి, మేడి లాంటి అయిదు రకాల పండ్లు మానాలి. పండ్లెందుకు? మేడిపండు విప్పి చూడు, లోపల పురుగులు కదులుతుంటాయి.

ఇప్పుడు కలం నీ చేతిలో ఉంది. కరీంనగర్‌లో మాంసం, గుడ్లు, పాలు, తేనె అన్నీ వదలాలని నలుగురు చేరి నిన్ను నియమాలు రాయమన్నారు. దసరా దగ్గరపడింది. ఒకాయన గొంతు లేస్తుంది: మీల్‌మేకర్‌ను మటన్ మసాలాతో వండుకుంటే అది పిండికోడి కాదా? ఇంకొకామె: అత్తగారింట్లో యాటకు బదులు గుమ్మడికాయ కొట్టిద్దామనుకుంటున్నా, తప్పా? మూలన కూర్చున్న కుర్రాడు మెల్లగా: నేనింకా పెరుగు మానలేదు. గదిలో మాటలు వేడెక్కుతాయి. వాణ్ని పంపించెయ్యండి అంటారు ఎవరో. అందరూ నీవైపే చూస్తున్నారు.

సోమదేవుడు ఇలాంటి చోటుకు ఒక కొలత ఇచ్చాడు. దున్నేటప్పుడు నాగలి కింద పురుగులు చస్తాయి, అయినా రైతుకు పాపం లేదు. వల పట్టుకుని కూర్చున్న జాలరికి ఒక్క చేపా పడకపోయినా పాపం ఉంది. తేడా తలపులో ఉందంటాడు. జాలరి కూడా పొట్ట కోసమే వల వేస్తాడు కాబట్టి ఆ తీర్పు నాకు కటువుగానే తోస్తుంది. కానీ తలపును చూడమన్న మాట గట్టిది. మీల్‌మేకర్ తినేవాడి మనసులో ఆకలి ఉంది, చంపాలన్న కోరిక లేదు. ఉండనీ. గుమ్మడికాయను యాటగా ఊహించుకుని నరికితే సోమదేవుడు ఒప్పుకోడు. నేను ఒప్పుకుంటాను. ఆ ఇంట్లో ఒక యాట బతికింది. వచ్చే ఏడు గుమ్మడికాయా అక్కర్లేదని ఆమే చెప్పొచ్చు.

ఆయనదే ఇంకో మాట: నమ్మకానికి చేటు, వ్రతానికి మచ్చ రానంతవరకు లోకాచారాన్ని పాటించవచ్చు. కాబట్టి దసరా నాడు దావత్‌కు వెళ్లనీ, జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోనీ. విస్తట్లో తునకలు వేయించుకోకుంటే చాలు.

పెరుగు కుర్రాడి సంగతి మిగిలింది. పాలు సోమదేవుడి ఎనిమిదింటిలో లేవు, నీ నియమాల్లో ఉన్నాయి. దూడకు దక్కాల్సిన పాల గురించి నీకు తెలిసింది వాడికి చెప్పు, నువ్వెలా మానావో చెప్పు. గడువు పెట్టకు, బయటికి పంపకు. మాంసం తినేవాణ్ని ఈ గదిలో ఎవరూ హంతకుడని పిలవకూడదన్నది మొదటి నియమంగా రాసి, అందరి చేతా సంతకం చేయించు.