ఇంధన ధర – ఇంజిన్ ఎంపిక: కొత్తగూడెం అటవీ సరిహద్దులో చిన్న సరుకు వాహనాల చరిత్ర

వ్యాస సంగ్రహం: చిన్న పికప్ వాహనం కొనే వ్యక్తి పెట్రోలు, డీజిల్, గ్యాసు ఇంజిన్లలో ఒకదానిని ఎంచుకోవడం సొంత నిర్ణయంగా కనిపిస్తుంది. ఆ నిర్ణయం వెనుక ప్రభుత్వ ధరల విధానమూ, కాలుష్య నిబంధనలూ ఎంతమేరకు ఉన్నాయో కొత్తగూడెం–భద్రాచలం ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కొత్తగూడెం, చిన్న సరుకు వాహనం, డీజిల్, ధరల నియంత్రణ, బీఎస్-6.

ఉపోద్ఘాతం

కొత్తగూడెం రవాణా చరిత్ర అనగానే పరిశోధకుల దృష్టి బొగ్గు వైపు మళ్లుతుంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించడం, 1889లో తవ్వకం ఆరంభం కావడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడడం అందరికీ తెలిసిన ఘట్టాలే. గని నుండి రైలు వరకు సాగిన ఆ రవాణాకు కంపెనీ దస్త్రాలున్నాయి. దుమ్ముగూడెం, చర్ల, దమ్మపేట ఊళ్ల నుండి మిరప బస్తాలను, కూరగాయలను, జామాయిల్ కర్రను మోసే చిన్న బండికి అటువంటి దస్త్రం లేదు. దాని చరిత్రను ఇంధన ధరల పట్టికల్లోనూ, చట్టాల తేదీల్లోనూ వెతుక్కోవలసి వస్తుంది.

ఎంపిక లేని కాలం

ఇంధనాన్ని కొనుగోలుదారు కాక ప్రభుత్వం నిర్ణయించడం కొత్త విషయం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను విధించినప్పుడు తెలుగు ప్రాంతాల్లో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. ఆ ‘బొగ్గు బస్సుల’ జ్ఞాపకం పెద్దల మాటల్లో చాలాకాలం నిలిచింది. తర్వాతి కాలంలో అటవీ బాటల్లో జీపు ప్రధాన వాహనమైంది. 1980ల ఆరంభంలో మహీంద్రా సంస్థ ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సాంకేతికతతో డీజిల్ ఇంజిన్లు తయారు చేయసాగింది. దీనితో జీపుల్లో పెట్రోలు ఇంజిన్ క్రమంగా వెనుకబడింది.

అదే దశాబ్దం మధ్యలో జపాన్ సంస్థల భాగస్వామ్యంతో నాలుగు తేలికపాటి లారీలు దేశంలోకి వచ్చాయి. వాటిలో ఒకటి మన ప్రాంతానిదే. ప్రభుత్వ రంగంలోని హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో ‘క్యాబ్‌స్టార్’ వాహనాన్ని తయారు చేసింది. మిగిలినవి డీసీఎం–టొయోటా, స్వరాజ్–మాజ్డా, ఐషర్–మిత్సుబిషి. 1986లో వచ్చిన టాటా 407 వీటికి గట్టి పోటీనిచ్చింది. యెన్ విలువ పెరిగి దిగుమతి భాగాలు ఖరీదు కావడం కూడా ఆ సంస్థలను దెబ్బతీసింది. ఆల్విన్–నిస్సాన్ కర్మాగారం 1980ల చివరలో మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం–టొయోటా వాహనం మార్కెట్లో లేకపోయినా, తెలంగాణలో ఆ తరహా బండి ఏ కంపెనీదైనా ‘డీసీఎం’ అనే పిలుపు మాత్రం నేటికీ నిలిచింది. వాహన నామాలపై పనిచేసే భాషాశాస్త్ర విద్యార్థులకు ఇది మంచి విషయం. ఈ నాలుగూ డీజిల్ బండ్లే; ఏ ఇంజిన్ కావాలన్న ప్రశ్నకు కొనుగోలుదారు వద్ద చోటే లేదు.

రెండు సిలిండర్ల బండి

2005 మే నెలలో సుమారు రెండుంబావు లక్షల రూపాయల ధరతో టాటా ఏస్ విడుదలైంది. ఇండికా కారు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను సగం చేసినట్లుగా రూపొందించిన 702 సీసీ డీజిల్ ఇంజిన్ దానిది. శక్తి 16 హార్స్‌పవర్ మాత్రమే. మోసే బరువు 750 కిలోలు. బలహీనంగా కనిపించే ఈ అంకెలు మూడు చక్రాల ట్రాలీ ఆటోకూ లారీకీ మధ్య ఉన్న ఖాళీకి సరిగ్గా సరిపోయాయి. డీజిల్ ఇంజిన్ తక్కువ వేగంలోనే బరువును లాగుతుంది. మన వాడుకలో ‘పికప్’ అనే మాట బండికీ, ఇంజిన్ లాగుడుకూ రెండింటికీ చెల్లడం గమనార్హం. బండిని అమ్మేవారు మొదటి అర్థం చెబితే, కొనేవారు రెండవ అర్థం అడుగుతారు.

ఒకే బండి, మూడు ధరలు

డీజిల్‌కు దక్కిన ఆదరణను కేవలం లాగుడుతో వివరించడం సరికాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ప్రభుత్వం 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తివేసింది. డీజిల్‌పై 2014 అక్టోబరు వరకు కొనసాగించింది. దీని ఫలితాన్ని ఒక ఊహాలెక్కతో చూడవచ్చు. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగే బండి డీజిల్‌తో లీటరుకు 20, పెట్రోలుతో 16 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. అంటే నెలకు 100 లీటర్ల డీజిల్ లేదా 125 లీటర్ల పెట్రోలు కావాలి.

2012 మే చివరలో ఢిల్లీలో పెట్రోలు 73.18, డీజిల్ 40.91 రూపాయలు. ఆ ధరల్లో పెట్రోలు బండి ఖర్చు 9,148 రూపాయలు, డీజిల్ బండి ఖర్చు 4,091. రెండింతలకు పైబడిన ఈ తేడా ముందు మరో వాదన నిలవదు. 2020 జూన్ 24న అదే ఢిల్లీలో డీజిల్ 79.88కి చేరి, 79.76 ఉన్న పెట్రోలును దాటింది. అప్పుడు ఖర్చులు 9,970, 7,988. పెట్రోలు భారం నాలుగో వంతు మాత్రమే అధికం. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాదులో పెట్రోలు 107 రూపాయలకు, డీజిల్ 95 రూపాయలకు కొంచెం పైన నిలిచాయి. ఆ లెక్కన తేడా నెలకు సుమారు 3,900 రూపాయలు.

డీజిల్ బండి వెల 80,000 రూపాయలు ఎక్కువనుకుంటే, ఆ అదనపు సొమ్ము 21 నెలల్లో తిరిగి వస్తుంది. వారాంతపు సంతలకే తిరిగి నెలకు 800 కిలోమీటర్లతో సరిపెట్టుకునే బండికి మాత్రం 52 నెలలు పడుతుంది. అప్పు వాయిదాలు తీరే కాలమూ దాదాపు అంతే. అదనపు వెలపై వడ్డీని కలిపితే గడువు ఇంకా సాగుతుంది. కనుక ఇంజిన్ కంటే ముందు తేల్చుకోవలసింది నెలకు ఎన్ని కిరాయిలు దొరుకుతాయన్నది. మిరప, పత్తి కాలంలో నిండుగా, వానాకాలంలో వెలితిగా సాగే ఈ ప్రాంతపు కిరాయిలకు ఏడాది సగటు తీయడం అంత తేలిక కాదు.

బీఎస్-6 తర్వాత

హైదరాబాదు వంటి నగరాల్లో 2010లోనే వచ్చిన బీఎస్-4 ప్రమాణాలు దేశమంతటా 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1న అమలయ్యాయి. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌కు శుద్ధి పరికరాలు అమర్చడం బండి వెలతో పోలిస్తే భారమైంది. మారుతి సంస్థ తన ‘సూపర్ క్యారీ’ డీజిల్ రకాన్ని నిలిపివేసి పెట్రోలు, గ్యాసు రకాలకు మళ్లింది. ఏస్‌లో 694 సీసీ, 30 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజిన్ వచ్చింది. అంకెల్లో ఇది 2005 నాటి డీజిల్ కంటే దాదాపు రెట్టింపు. అయితే ఆ శక్తి అధిక వేగంలో అందేది. బురద బాటలో నిండు బరువుతో కదిలేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్‌ను పరుగెత్తించాలి. అప్పుడు పైన అనుకున్న 16 కిలోమీటర్ల మైలేజీ నిలవదు.

గ్యాసు విషయం వేరు. 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ హైదరాబాదు, విజయవాడ, కాకినాడలతో ఆరంభమైంది. ఈ ఇంధనం తొలుత నగరాలదే. గోదావరి దాటి చర్ల వైపు తిరిగే బండికి లీటరు ధరకన్నా బంకు దూరం ముఖ్యం. 2022లో ప్రకటించిన ఏస్ విద్యుత్ వాహనానికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. పాల్వంచలో బొగ్గుతో విద్యుత్తు తయారవుతున్నా, తిరుగు ప్రయాణానికి చార్జింగు ఎక్కడన్నది వేరే సంగతి.

మరమ్మతు సంగతి ధరల పట్టికల్లో కనిపించదు. పాత ఏస్ ఇంజిన్‌ను ఊరి మెకానిక్ శబ్దం విని, చేత్తో తడిమి బాగుచేయగలిగేవాడు. బీఎస్-6 బండిలో, అది పెట్రోలైనా డీజిలైనా, లోపం సెన్సరు సంకేతంగా నమోదవుతుంది. దానిని చదివే స్కానరు అతని వద్ద లేకపోతే బండిని భద్రాచలానికో కొత్తగూడేనికో లాక్కుని రావాలి. ఆ రోజు కిరాయి పోతుంది, ఆ నెల వాయిదా మాత్రం ఆగదు.