రికీ కావాలన్నారు... మెక్‌నాబ్ వచ్చాడు

1999 ఏప్రిల్ 17, శనివారం. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ థియేటర్ కిక్కిరిసిపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లోని జట్లు కాలేజీ కుర్రాళ్ళను ఒక్కొక్కరినే ఏరుకునే 'డ్రాఫ్ట్' రోజది. మొదటి పేరు అప్పటికే వచ్చేసింది. లీగ్‌లోకి మళ్ళీ అడుగుపెడుతున్న క్లీవ్‌లాండ్ బ్రౌన్స్, కెంటకీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) టిమ్ కౌచ్‌ను తీసుకుంది. రెండో వంతు ఫిలడెల్ఫియా ఈగల్స్‌ది. గడువు పదిహేను నిమిషాలు.

జనంలో ఒక గుంపు ముందునుంచీ గొంతు చించుకుంటోంది. ఫిలడెల్ఫియా నుంచి సుమారు 150 కిలోమీటర్లు బస్సులో వచ్చిన ముప్పై మంది అభిమానులు వాళ్ళు. వాళ్ళను తీసుకొచ్చింది ఆ ఊరి స్పోర్ట్స్ రేడియో డబ్ల్యూఐపీ. అందులో పొద్దుటి కార్యక్రమం నడిపే ఏంజెలో కటాల్డీదే ఈ హడావిడంతా. ఈ ముప్పై మందికి 'డర్టీ థర్టీ' అనే పేరు స్థిరపడిపోయింది. వాళ్ళు వచ్చింది ఒకే ఒక్క పేరు వినడానికి: రికీ విలియమ్స్.

ఆ పేరు కోరుకున్నది ఆ ముప్పై మందే కాదు. మేయర్ ఎడ్ రెండెల్ బాహాటంగా రికీ వైపు నిలబడ్డాడు. నగర కౌన్సిల్ అయితే ఏకంగా తీర్మానమే చేసింది, ఈగల్స్ అతన్నే తీసుకోవాలని! చెత్త ఎత్తడం, రోడ్లు వేయడం చూసుకోవాల్సిన సభ ఒక జట్టుకు ఆటగాణ్ణి సిఫార్సు చేసిందంటే ఆ ఊరికి ఆటంటే ఎంత వెర్రో ఊహించుకోవచ్చు. 1968లో మైదానంలోకి వచ్చిన శాంటాక్లాజ్ మీదే మంచు ముద్దలు విసిరిన ఊరది.

వాళ్ళ తపనకు కారణం లేకపోలేదు. అంతకుముందు సీజన్‌లో ఈగల్స్ పదహారు ఆటలాడి మూడే గెలిచింది. సీజన్ మొత్తం మీద చేసిన పాయింట్లు 161. లీగ్‌లో అంతకన్నా తక్కువ చేసిన జట్టు లేదు. క్వార్టర్‌బ్యాక్ బాబీ హోయింగ్ పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్ ఒక్కటీ ఇవ్వకుండా తొమ్మిది సార్లు బంతిని ఎదుటివాళ్ళ చేతుల్లో పెట్టాడు. కోచ్‌ను మార్చారు. కొత్తగా వచ్చిన ఆండీ రీడ్ అంతవరకూ ఏ జట్టుకూ హెడ్ కోచ్ కాదు. గ్రీన్ బే ప్యాకర్స్‌లో క్వార్టర్‌బ్యాక్‌లకు శిక్షణ ఇస్తూ ఉన్నవాడు. ఆ ఊళ్ళో అతనెవరో తెలిసినవాళ్ళు తక్కువ, నమ్మినవాళ్ళు ఇంకా తక్కువ.

రికీ విలియమ్స్ సంగతి వేరు. తెలియనివాళ్ళు లేరు. టెక్సస్ యూనివర్సిటీ రన్నింగ్ బ్యాక్. జడలు కట్టిన పొడవాటి జుట్టు. బంతి చంకన పెట్టుకుని పరిగెత్తాడంటే అడ్డొచ్చినవాడు కింద పడాల్సిందే. 1998లో ఒక్క సీజన్లోనే 2,124 గజాలు పరిగెత్తాడు. నాలుగేళ్ళలో కలిపి 6,279. టోనీ డార్సెట్ పేరిట రెండు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరకుండా ఉన్న కాలేజీ రికార్డు దాంతో బద్దలైంది. ఆ ఏడాది అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కూడా అతనిదే.

మన పాఠకులకు ఇక్కడ కాస్త వివరం అవసరం. ఐపీఎల్ వేలంలో డబ్బున్నవాడు పాట పెంచి ఆటగాణ్ణి ఎగరేసుకుపోతాడు. డ్రాఫ్ట్‌లో పాట లేదు, వరస ఉంటుంది. కిందటేడు చిత్తుగా ఓడిన జట్టుది ముందు వంతు, కప్పు కొట్టిన జట్టుది చివరి వంతు. ఈ పద్ధతి కనిపెట్టింది కూడా ఫిలడెల్ఫియా మనిషే. ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్ మంచి ఆటగాళ్ళంతా డబ్బున్న జట్లకే పోతున్నారని విసిగిపోయి 1935లో దీన్ని ప్రతిపాదించాడు. మొట్టమొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరిలో ఆ ఊళ్ళోనే, ఒక హోటల్లో జరిగింది. తొలి వంతు ఈగల్స్‌ది. వాళ్ళు ఎంచుకున్నది జే బెర్వాంగర్‌ను. హైస్మన్ ట్రోఫీ అందుకున్న మొట్టమొదటి ఆటగాడు. ఆయన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడలేదు!

హైస్మన్ విజేత వెంటపడి ఈగల్స్ చేతులు కాల్చుకున్న కథ చరిత్ర మొదటి పుటలోనే ఉందన్నమాట. దాన్ని గుర్తుచేసుకునే తీరిక 1999లో ఎవరికుంది?

1980లో టీవీ డ్రాఫ్ట్‌ను ప్రత్యక్షంగా చూపడం మొదలుపెట్టాక అభిమానులకు కొత్త వ్యాపకం దొరికింది. దాని పేరు మాక్ డ్రాఫ్ట్. ఏ జట్టు ఎవరిని తీసుకుంటుందో ముందుగానే జాబితా రాసుకోవడం. పేరుకు జోస్యమే గానీ, సొంత జట్టు దగ్గరికి వచ్చేసరికి అది కోరికల చిట్టా అయిపోతుంది. 'ఎవరిని తీసుకుంటారు' అన్న ప్రశ్న 'ఎవరిని తీసుకోవాలి'గా మారిపోతుంది. ఆ వసంతంలో ఫిలడెల్ఫియా బార్లలో, బార్బర్ షాపుల్లో, రేడియోకు వచ్చే ఫోన్లలో తయారైన చిట్టాలో మొదటి పేరు రికీదే.

ఆ చిట్టాలో ఒక లోపం ఉంది. ఈగల్స్‌కు అప్పటికే పరిగెత్తేవాడున్నాడు. డ్యూస్ స్టేలీ. ఆ దిక్కుమాలిన సీజన్‌లోనూ 1,065 గజాలు పరిగెత్తాడు. జట్టుకు లేనిదల్లా బంతి విసిరేవాడు. అభిమాని తన కంటికి ఇంపైనవాణ్ణి కోరుకుంటాడు. కోచ్ తన దగ్గర లేనివాణ్ణి వెతుక్కుంటాడు. ఆ రోజు గొడవంతా ఈ తేడాలోంచే పుట్టింది.

గడియారం తిరుగుతోంది. హాల్లో రికీ పేరు మార్మోగుతోంది. కమిషనర్ పాల్ టాగ్లియబూ వేదిక మీదికి వచ్చాడు. సిరక్యూస్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ డొనోవన్ మెక్‌నాబ్ పేరు చదివాడు.

ఒక్కసారిగా హాలు 'బూ' అని హోరెత్తింది.

తెర వెనక నుంచి ఇరవై రెండేళ్ళ కుర్రాడు నడిచొచ్చాడు. షికాగో ప్రాంతంలో పెరిగినవాడు. సిరక్యూస్‌లో నాలుగేళ్ళూ మొదటి క్వార్టర్‌బ్యాక్ అతనే. చిన్నప్పటినుంచీ కలగన్న క్షణం. అమ్మానాన్నలు విల్మా, శామ్యూల్ అక్కడే ఉన్నారు. కొడుకు పేరు వినిపించిందన్న ఆనందాన్ని ఆ అరుపులు మధ్యలోనే మింగేశాయి. మెక్‌నాబ్ నవ్వుతూనే కమిషనర్‌తో చేయి కలిపాడు. జెర్సీ పట్టుకుని ఫొటోలకు నిలబడ్డాడు. తనను ఇంటికి ఆహ్వానించాల్సినవాళ్ళే గుమ్మంలో నిలబెట్టి తిడుతుంటే ఏ మనిషికైనా ఎలా ఉంటుంది? ఆ క్షణాన్ని తర్వాతి ఏళ్ళలో అతను ఎన్నోసార్లు తలచుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ ముప్పై మందికి మెక్‌నాబ్ మీద కోపమేమీ లేదు. కౌచ్ మిగిలి, అతన్ని తీసుకున్నా అరిచేవాళ్ళే. రికీ కాని ప్రతివాడూ ఆ రోజు వాళ్ళకు నేరస్థుడే. కానీ ఆ ముక్క వేదిక మీద ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? అభిమాని చిట్టా తప్పయినా ఎవరికీ నష్టం లేదు, చించి పారేస్తే సరిపోతుంది. ఒక తల్లి కళ్ళముందు ఆమె కొడుకును గేలి చేయడం మాత్రం ఆట కాదు. నా లెక్కలో ఆ రోజు జరిగిన తప్పు అదొక్కటే. రికీని కోరుకోవడం కాదు.

వరస ముందుకు సాగింది. మూడో వంతు సిన్సినాటీది. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ కోచ్ మైక్ డిట్కాకు కూడా రికీ పిచ్చి పట్టింది. ఆ ఒక్క వంతు కోసం సిన్సినాటీకి తొమ్మిది ఎంపికలు ఇస్తానన్నాడు. వాళ్ళు వద్దని, అకిలీ స్మిత్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్నారు. అతను నాలుగేళ్ళలో ఆ జట్టుకు పదిహేడు ఆటలు మొదలుపెట్టి, ఐదు టచ్‌డౌన్ పాస్‌లు ఇచ్చాడు. డిట్కా ఊరుకుంటాడా? ఐదో వంతు కోసం ఆ ఏడాది తన దగ్గరున్న ఎంపికలన్నీ వాషింగ్టన్‌కు ధారపోశాడు. అవి చాలక మరుసటి ఏడాది మొదటి, మూడో రౌండ్ల ఎంపికలు కూడా ఇచ్చేశాడు. అలా రికీ దక్కాడు. ఇద్దరూ కలిసి ఒక పత్రిక ముఖచిత్రానికి ఫొటో దిగారు. డిట్కా పెళ్ళికొడుకు సూట్‌లో, రికీ పెళ్ళికూతురి తెల్ల గౌనులో!

ఆ కాపురం ఏడాది కూడా నిలవలేదు. సెయింట్స్ మూడే ఆటలు గెలిచింది. డిట్కా ఉద్యోగం పోయింది. రికీ హెల్మెట్ తీయకుండానే విలేకరులతో మాట్లాడేవాడు. నలుగురిలో ఉండాలంటేనే భయపడే సమస్యతో పోరాడుతున్నానని తర్వాత తనే చెప్పుకున్నాడు. అతనికి ఆట రాక కాదు. మయామీకి వెళ్ళిన 2002లో 1,853 గజాలతో లీగ్ మొత్తానికీ మొదటివాడిగా నిలిచాడు. 2004లో, ఇరవై ఏడేళ్ళ వయసులో ఉన్నట్టుండి ఆట వదిలేశాడు. మరుసటి ఏడాది తిరిగొచ్చాడు. చివరికి పదివేల గజాలు దాటించే రిటైరయ్యాడు.

ఫిలడెల్ఫియాలో ఏం జరిగింది? రీడ్ తొందరపడలేదు. సీజన్ మొదట్లో మెక్‌నాబ్‌ను పక్కన కూర్చోబెట్టి డగ్ పెడర్సన్ అనే సీనియర్‌ను ఆడించాడు. జనం అతన్నీ వదల్లేదు, తిట్టిపోశారు. (అదే పెడర్సన్ 2018 ఫిబ్రవరిలో కోచ్‌గా ఆ ఊరికి మొదటి సూపర్ బౌల్ (లీగ్ ఆఖరి పోరు) కప్పు తెచ్చిపెట్టాడు. విధి అంటే ఇదేనేమో!) నవంబర్‌లో మెక్‌నాబ్‌కు మొదటిసారి పగ్గాలు అప్పగిస్తే వాషింగ్టన్ మీద 35-28తో గెలిచాడు. మరుసటి ఏడాదికల్లా జట్టు పదకొండు ఆటలు గెలిచే స్థితికి వచ్చింది. పదకొండేళ్ళలో మెక్‌నాబ్ దాన్ని ఐదుసార్లు తమ విభాగమైన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్‌కు, ఒకసారి సూపర్ బౌల్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ న్యూ ఇంగ్లండ్ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడాడు. అయినా ఊరు అతన్ని పూర్తిగా ప్రేమించిందా అంటే, లేదు. గెలిచిన ప్రతిసారీ 'కప్పేది?' అని అడిగింది. 2010లో వాషింగ్టన్‌కు పంపేసింది. 2013 సెప్టెంబర్ 19న అతని ఐదో నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వబోమని ఈగల్స్ ప్రకటించిన రాత్రి, ఎదుటి జట్టు కోచ్‌గా మైదానంలో ఉన్నది ఆండీ రీడే. ఆట కూడా అతని కాన్సస్ సిటీయే గెలిచింది.

ఇంతకీ ఆ డ్రాఫ్ట్‌లో మొదటి ఏడుగురిలోంచి ముందుగా హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైనవాళ్ళెవరు? ఏడో వంతులో వెళ్ళిన చాంప్ బెయిలీ 2019లో, నాలుగో వంతులో వెళ్ళిన ఎడ్జరిన్ జేమ్స్ 2020లో. రేడియో అడిగినవాడూ కాదు, కోచ్ తీసుకున్నవాడూ కాదు.

ప్రతి ఏప్రిల్‌లో మాక్ డ్రాఫ్ట్ రాసుకునే తెలుగు కుర్రాళ్ళు న్యూజెర్సీ నుంచి డల్లాస్ దాకా ఇప్పుడు చాలామందే ఉన్నారు. రాయండి, తప్పేం లేదు. కాగితం మీద తేదీ వేసి పదేళ్ళు దాచండి. ఈలోగా మీ చిట్టాలో లేనివాడు వేదిక ఎక్కితే, చప్పట్లు మాత్రం కొట్టండి.