పన్ను పట్నానికి, పింఛను పల్లెకు: ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్యం, వలస, ఖజానా

వృద్ధుల సంఖ్య పెరగడాన్నీ పట్టణాలు పెరగడాన్నీ మన అర్థశాస్త్ర రచనలు తరచుగా వేర్వేరు అధ్యాయాల్లో చర్చిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండూ ఒకే ఇంట్లో జరుగుతున్నాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో స్థిరపడతారు, తల్లిదండ్రులు కోనసీమలోనో పల్నాడులోనో ఉండిపోతారు. ఈ ఎడబాటు భారం ఎవరి ఖాతాలో పడుతోందన్నదే ఇక్కడి ప్రశ్న.

1992–93 నాటి తొలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రంలో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019–21 నాటి ఐదో సర్వేలో ఆంధ్రప్రదేశ్ సగటు 1.7. తరానికి తరం నిలవాలంటే 2.1 ఉండాలి. కేంద్రం జనాభా అంచనాల ప్రకారం రాష్ట్రంలో అరవై దాటినవారి వాటా 2021లో 12.4 శాతం, 2031లో 16.4 శాతం. జపాన్ కూడా ఇలాగే వేగంగా ముసలిదైంది. అయితే అక్కడ 1961 నాటికే అందరికీ పింఛను, ఆరోగ్య బీమా ఏర్పడ్డాయి. మనకు ఆ ఏర్పాటు కుదరకముందే వృద్ధాప్యం వచ్చిపడింది.

దీని ప్రభావం ముందుగా పొలంలో తెలుస్తుంది. గోదావరి జిల్లాల్లో నాట్లకు పశ్చిమ బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు, కోతలు యంత్రాలు చేస్తున్నాయి. ఇంతవరకు సర్దుబాటే. అసలు నష్టం కౌలులో ఉంది. వయసు మళ్లిన రైతు చేను వదిలేస్తాడు, పట్నంలోని వారసుడు దాన్ని అమ్మడు, దున్నడు, కౌలుకిస్తాడు. కౌలుదారుకు చేతిలో కాగితం లేక బ్యాంకు అప్పు పుట్టదు. మురుగు కాలువ పూడిక తీయించాలన్నా, మెరక చదును చేయించాలన్నా ఏడాది ఒప్పందం మీద ఉన్నవాడు ఎందుకు ఖర్చు పెడతాడు? భూమి మీద దీర్ఘకాలిక పెట్టుబడి అక్కడే ఆగిపోతోంది.

ఖజానా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. వస్తు సేవల పన్నులో రాష్ట్ర వాటా వినియోగం జరిగిన రాష్ట్రానికే చెందుతుంది. హైదరాబాద్‌లో స్థిరపడిన ఉద్యోగి ఫ్లాటు కొంటే రిజిస్ట్రేషన్ రుసుము, కారు కొంటే వాహన పన్ను తెలంగాణకే. ఆ ఉద్యోగిని సర్కారు బడిలో చదివించిన రాష్ట్రానికి మిగిలేది అతని తల్లిదండ్రుల పింఛను. ఒకటో తారీఖు ఉదయం గ్రామ సచివాలయ ఉద్యోగి అరుగు మీద కూర్చుని యంత్రం చాపుతాడు. జీవితమంతా నాట్లు వేసి అరిగిన వేళ్లు కనుక ముద్ర పడదు. అవ్వ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఇంకో వేలు పెడుతుంది. 2024 జూలై నుంచి ఆమెకు అందే 4,000 రూపాయల్లో, ఆమె కేంద్ర పథకంలో ఉంటే, ఎనభై నిండేదాకా కేంద్రం వాటా 200. ఆ మొత్తం 2007 నుంచి కదలలేదు.

2024లో రాష్ట్రం స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. అన్యాయమైన నిబంధన, పోవడమే మంచిది. కానీ ఎక్కువమందిని కనమనడం ఈ సమస్యకు జవాబు కాదు. నేడు పుట్టే బిడ్డ సంపాదనకు రావడానికి ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది, పెద్దయ్యాక వలస వెళ్లదన్న హామీ కూడా లేదు. పదిహేనో ఆర్థిక సంఘం జననాల తగ్గుదలను గుర్తించి నిధుల పంపిణీలో 12.5 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. ఆ తగ్గుదల ఫలితంగా పెరిగిన వృద్ధుల వాటాకు మాత్రం ఆ పంపిణీ సూత్రంలో విడిగా చోటు ఇవ్వలేదు. రాష్ట్రం పోరాడవలసింది ఈ చోటు కోసం, ఆ 200 రూపాయలను ధరలతో ముడిపెట్టడం కోసం.