ఆకు మాది, కాయ వాళ్లది

పల్నాడు చరిత్ర అనగానే నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, కారంపూడి రణరంగం చెబుతారు. అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టిన చాపకూడు గురించీ, మాల కన్నమదాసు గురించీ చెబుతారు. సంతోషమే. కానీ ఆ చాప మీద వడ్డించిన కూర ఏ చేలోది, తుంచుకొచ్చింది ఎవరు, తుంచిన మనిషికి ఆ చేలో వాటా ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. జొన్నకూడు తినలేక శ్రీనాథుడు పల్నాటిని ఈసడించుకున్నట్టు ఆయన పేరు మీద చాటువులు ఉన్నాయి. ఆ జొన్నకూట్లోకి పుల్లకూర నంజుకుని తరాల తరబడి బతికినోళ్ల చాటువులు ఏవి?

నేను మాచర్ల వైపు సర్కారు బళ్లో పంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి. పిల్లలకు మొక్క భాగాల పాఠం చెబుతాను. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ, గింజ. చార్టు మీద క్యారెట్, క్యాబేజీ, కాలీఫ్లవర్ బొమ్మలుంటాయి. మా మాదిగపల్లెలో ఈ పాఠం ఇంకో రకంగా ఉండేది. ఏ భాగం తినొచ్చు అన్నదే కాదు, ఏ భాగం ఎవరిది అన్నదీ పాఠమే. కాయ ఆసామిది, గింజ ఆసామిది. కలుపులో వచ్చే ఆకు, గట్టు మీది చిగురు, కోత అయ్యాక మిగిలిన పరిగ మావి. మొక్క ఒంటి మీద కూడా కులం గీత గీసింది.

ఆ మిగిలిన భాగాలతోనే మా ఆడవాళ్లు ఒక శాస్త్రం తయారు చేసుకున్నారు. గోగు ఒత్తుగా మొలిస్తే మధ్యలో లేతమొక్కలు పీకి వండేవాళ్లు. మిగతావాటికి తల తుంచేవాళ్లు. తల తుంచితే పక్క కొమ్మలేసి మళ్లీ ఆకిస్తుంది. ముదిరాక కట్టెను నీళ్లలో నానేసి నార తీసేవాళ్లు. గుమ్మడి పాదు దగ్గర మా నాయనమ్మ చెప్పేది: "కింద పిందె ఉన్న పువ్వు జోలికి పోమాకయ్యా. ఒట్టి కాడ మీద నిలబడ్డదే తెంపు." మగపువ్వు, ఆడపువ్వు అన్న మాటలు నేను కాలేజీలో విన్నాను. బడి ముఖం చూడని ఆమెకు అది ఎప్పుడో తెలుసు. మునగలో ఆకు, పువ్వు, కాయ మూడూ కూరే. చింతకు ఎండాకాలం చిగురు, తర్వాత పువ్వు, పచ్చికాయ, పండు, ఆఖరికి గింజ. చేలో పాయలకూర, చెంచలికూర, గలిజేరు, తుమ్మి. గట్ల మీద బుడమకాయలు. విత్తనం వేయకుండా వచ్చిన తోట అది.

దీన్ని 'పేదల తిండి' అని తేలిగ్గా తీసేయొద్దు. 1832-33లో నందన కరువు గుంటూరు సీమను మింగింది. అయిదు లక్షల జనంలో లక్షన్నర మందికి పైగా పోయారని అంచనా. అలాంటి కరువుల్లో గాదె లేని మనిషికి ఆకూ దుంపా గింజా తప్ప దిక్కేముంది? 1921-22లో పల్నాడు జనం పుల్లరి మీద తిరగబడ్డారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు ఒరిగిపోయాడు. అడవి ఎవరిది అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా లేచింది. చేలో మొలిచిన కూరాకు ఎవరిది అన్న ప్రశ్న మాత్రం మా అమ్మల ఒళ్లోనే ఉండిపోయింది.

ఒళ్లో అంటే నిజంగా ఒళ్లోనే. కలుపు తీసి పొద్దుగూకి వచ్చేటప్పుడు అమ్మ కొంగులో కూర మూటగట్టుకునేది. ఒకసారి ఒక ఆసామి గట్టు మీద నిలబెట్టి కొంగు విప్పించాడు. ఉన్నది చెంచలికూరే. పీకి పారేయమని కూలి ఇచ్చిన మొక్కే. "పారేసేది పారేయి, ఇంటికి మోయటమేంది?" అన్నాడు. పారేసినా సరే, మాదిగది తినకూడదు! నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ గట్టు మీద నేర్చుకున్న అర్థశాస్త్రం మళ్లీ ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలింది. కుడి కాలవ కింద పల్నాడు పచ్చబడింది. నీళ్లు భూమి ఉన్నవాడి చేలోకి పారాయి. మాకు కూలి దొరికింది, కాదనను. దాంతో పాటే పత్తి, మిరప పెరిగాయి, మందులొచ్చాయి. ఎండ్రిన్‌ను 1990లో నిషేధించారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టొద్దని 2005లో ఆపారు. పత్తి మీద మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొట్టారు. మరి పత్తి సాళ్లలో మొలిచిన పాయలకూర కూరగాయ కాదా? చట్టం లెక్కలో అది కలుపు. తినేవాళ్లు లెక్కలో లేరు గనక తినే ఆకూ లెక్కలో లేదు. మందు వాసన చూసి అమ్మే ఆ కూర తేవడం మానేసింది. ఇప్పుడు గడ్డిమందు వచ్చి కలుపు కూలినీ కూరనూ ఒకేసారి తీసుకుపోతోంది.

1927లో అంబేద్కర్ మహద్ చెరువు నీళ్లు తాగాడు. దాహానికి కాదు, హక్కుకు. ఆకు సంగతీ అంతే. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా దళిత ఆడవాళ్లు సంఘాలు కట్టి, బీడుభూములు సాగుచేసి, విత్తనాలు దాచి, సాగుచేయని కూరలనూ పంటగా లెక్కగట్టారు. వాళ్లతో పనిచేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లు చేసిన పెద్ద పని, కూరను భూమి నుంచి విడదీయకపోవడం. సెంటు భూమి లేకుండా 'ఆకుకూరలు తినండి' అని మాకు చెప్పేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ వాడలో ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఏ ఆకు ఏ కార్తెలో తుంచాలో, ఎంత వదలాలో, ఏ చేలో ఎవరు తుంచనిచ్చారో, ఎవరు కొంగు విప్పించారో అడిగి రాయండి. ఆకుల పేర్లతో పాటు ఆ చేల సర్వే నంబర్లు కూడా రాయండి. కాయ దాకా రావాలంటే లెక్క అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.