రాగి కాసుకు లెక్క లేదు

1780లలో నెల్లూరు సమీపాన ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలికి ఇటుక కట్టడం అడ్డు తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని అడుగున ఒక ముంత, అందులో రెండవ శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలావరకు కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్ ఉల్ ఉమరా మాత్రం ముప్పైకి పైగా రాబట్టగలిగాడు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వాటిలో రెండు ఎంచుకొనే భాగ్యం దక్కింది. ఆయన హేడ్రియన్ చక్రవర్తి నాణెం ఒకటి, ఫౌస్టీనా రాణి నాణెం ఒకటి తీసుకున్నాడు. ఈ సంగతంతా ఆయన రాసిన లేఖలోనే ఉంది. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ 1790లో దానిని అచ్చువేసింది.

గవర్నరు ఏ రెండు నాణేలు ఎంచుకున్నాడో ఆ లేఖ చెబుతుంది. ఊరి పేరు చెప్పదు, రైతు పేరు చెప్పదు. అయినా అది బంగారం కాబట్టి ఆ మాత్రమైనా నమోదైంది. ఆ ముంతలో రాగి కాసులే ఉంటే గవర్నరు దాకా కబురే వెళ్లేది కాదు.

తెలుగునాట రోమన్ నాణేల జాబితా తిరగేస్తే ఈ పక్షపాతం అడుగడుగునా కనబడుతుంది. వినుకొండలో 1889లో దొరికిన పదిహేను బంగారు నాణేలు టైబీరియస్ నుంచి కారకల్లా వరకు రెండు శతాబ్దాల చక్రవర్తులవి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో పదిహేను వందలకు పైగా వెండి దీనారియస్‌లు బయటపడ్డాయి. నాగార్జునకొండ తవ్వకాల్లోనూ రోమన్ బంగారం కనిపించింది. పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల పట్టికను 1965లో రాష్ట్ర ప్రభుత్వ ప్రచురణగా తెచ్చారు. అందులోనూ బరువంతా బంగారం, వెండి రాసులదే. నాలుగు, అయిదు శతాబ్దాల రోమన్ కంచు నాణెం మన జాబితాల్లో బహు అరుదు. అదే నాణెం కరూరులోనూ మధురైలోనూ గుప్పెళ్ల కొద్దీ, సింహళంలో వేల సంఖ్యలో దొరికింది.

ఆ నాణెం వెనుక ఒక సామ్రాజ్యపు ఆర్థిక విధానం ఉంది. డయోక్లీషియన్ చక్రవర్తి 294 ప్రాంతంలో నాణేలను సంస్కరించి, పైన వెండి పూతతో సుమారు పది గ్రాముల కంచు నాణేన్ని విడుదల చేశాడు. అక్కడి నుంచి దానికి క్షీణదశే. తరువాతి చక్రవర్తులు పలుమార్లు బరువు తగ్గించారు. శతాబ్దం తిరిగేసరికి ఆర్కేడియస్, హొనోరియస్ సోదరుల కాలంలో చిన్న నాణెం గ్రాముకు అటూ ఇటూ తూగే స్థితికి దిగజారింది, చిటికెన వేలి గోరుకు కాస్త పెద్దది. ఇదే కాలంలో కాన్‌స్టాంటైన్ ప్రవేశపెట్టిన బంగారు సాలిడస్ మాత్రం నాలుగున్నర గ్రాముల వద్ద చెక్కుచెదరకుండా నిలిచింది. పన్నులకూ పెద్ద ఉద్యోగుల రాబడికీ బంగారం కొలమానమైంది. అంగట్లో రొట్టె కొనే మనిషికి అరిగిపోయే కంచు మిగిలింది. ద్రవ్యోల్బణం ఎవరి జేబు మీద పడాలో ప్రభుత్వాలు నిర్ణయించడం ఈ కాలపు విద్య కాదు.

అంత చవక నాణెం సముద్రాలు దాటి దక్షిణాదికి ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవారిలో రాబర్ట్ సీవెల్ ఒకరు. విజయనగరంపై ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ రాసిన సీవెల్‌గా తెలుగు పాఠకులకు పరిచితుడు, 1877లో అమరావతి స్తూపం తవ్వించిన అధికారీ ఆయనే. భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలపై 1904లో ప్రచురించిన వ్యాసంలో, మధురైలో చిల్లర రాగి నాణేలు విరివిగా దొరకడం చూసి, అక్కడ రోమన్ ప్రజలు నివాసం ఉండి ఉంటారని ఊహించాడు. విదేశీయుడు లేకుండా విదేశీ చిల్లర ఎవరికి అవసరమన్నది ఆయన తర్కం. పాలకవర్గపు అధికారికి సహజంగా తోచే తర్కమే. అయితే సింహళంలో అవే నాణేలకు స్థానికంగా పోతపోసిన నకళ్లు బయటపడ్డాక ఆ వాదం బలహీనపడింది. ఒక సమాజం నకలు చేసుకొని మరీ వాడిందంటే, ఆ నాణెం వాళ్ల బజారులో చెల్లుబడి అవుతున్నదన్నమాట. రోమ్‌లో విలువ పడిపోయిన చిల్లర ఇక్కడ కూరగాయల బేరానికి పనికొచ్చింది.

మరి కృష్ణా, గోదావరి తీరాలకు అది ఎందుకు రాలేదు? ఒక సమాధానం చరిత్రలో దొరుకుతుంది. శాతవాహనులు, వారి తరువాత ఇక్ష్వాకులు సీసం నాణేలు విస్తారంగా పోయించారు, విష్ణుకుండినులు సింహం గుర్తు నాణేలు నడిపారు. చిల్లరకు కొరత లేనిచోట పరాయి చిల్లర అక్కర ఉండదు. వినడానికి బాగుంది. కాని దీనికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. అసలు మన దగ్గర ఎవరు వెతికారు?

తమిళనాట వెతికినవాడు ఒక పాత్రికేయుడు. ‘దినమలర్’ సంపాదకుడు ఆర్. కృష్ణమూర్తి నాణేల సేకరణలో దశాబ్దాలు గడిపారు. సంగమ కాలపు పాండ్య రాజు పెరువళుది పేరు తమిళ బ్రాహ్మీ లిపిలో ఉన్న నాణేన్ని గుర్తించి పండితుల వాదాలకు ఆధారం అందించారు. కరూరు, మధురై పరిసరాల్లో దొరికిన కడపటి రోమన్ రాగి నాణేలపై ఆయన 1994లో ఒక పుస్తకమే వెలువరించారు. కరూరు పక్కన పారే నది పేరు కూడా అమరావతే. ఆ నదీగర్భంలోని ఇసుక జల్లించేవారి చేతికి చిక్కిన నాణేలు వ్యాపారుల ద్వారా సేకర్తలకు చేరేవి. కృష్ణమూర్తి 2021లో కన్నుమూశారు. పండితులు ఇవాళ కరూరు, మధురై కంచు నాణేల గురించి మాట్లాడగలుగుతున్నారంటే, అందులో గణనీయమైన భాగం ఒక పత్రికా సంపాదకుడి వ్యసనం పెట్టిన భిక్ష.

అంటే నాణేల పటంగా మనం చదువుతున్నది చాలావరకు సేకర్తల పటం. ఓటర్ల జాబితాలో పేరు లేనంతమాత్రాన మనిషి లేడని తేల్చరాదు. నేలలోని నాణేనికీ అదే న్యాయం వర్తిస్తుంది.

సేకర్తను ఆకాశానికి ఎత్తడానికీ వీల్లేదు. తవ్వకంలో మట్టి పొరలో దొరికిన నాణెం పక్కన కుండపెంకు ఉంటుంది, పూస ఉంటుంది, కాలం చెప్పే ఆధారం ఉంటుంది. కొట్టులో కొన్న నాణేనికి అమ్మకందారు మాటే ఆధారం. బేరం కుదరాలంటే ఆ మాట కొనేవాడి కోరికను బట్టి మారుతుంది. దానికి తోడు, మెరిస్తే ధర పలుకుతుందని అమ్మేవాడు చింతపండుతో రుద్దేస్తాడు. పైనున్న పచ్చని పొరతో పాటు, అప్పటికే సగం పోయిన అక్షరాలూ పోతాయి. అంచున రెండు మూడు అక్షరాల్లో ఉండే టంకశాల గుర్తు చెరిగిపోతే, అది అంతియోక్‌లో ముద్రించినదో అలెగ్జాండ్రియాలోనో చెప్పే దారి మూసుకుపోయినట్టే.

చట్టం ఈ కంచు కాసును ఎన్నడూ సరిగా చూడలేదు. నేలలో దాగిన నిధులపై బ్రిటిష్ ప్రభుత్వం 1878లో చేసిన చట్టం, దొరికినదాని విలువ పది రూపాయలు దాటితేనే కలెక్టరుకు తెలియజేయాలని చెప్పింది. ఆనాటి పది రూపాయల గీత కింద గుప్పెడు రాగి కాసులు నిశ్శబ్దంగా జారిపోయాయి. స్వతంత్ర భారతం 1972లో తెచ్చిన పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన నాణేలనూ తన పరిధిలోకి తెచ్చింది. ప్రైవేటు వ్యక్తుల ఎగుమతిని నిషేధించింది, వ్యాపారానికి లైసెన్సు పెట్టింది. ఉద్దేశం మంచిదే. కాని దొరికినవాడు భయంతో దాచుకోవడానికి, లేదా తుక్కు కింద తూకానికి వేసి చేతులు దులుపుకోవడానికి అది కారణమైతే నష్టం ఎవరిది? ఇంగ్లండులో 1997 నుంచి వేరే పద్ధతి నడుస్తోంది. నిధి కిందికి రాని విడి నాణేన్ని ఎవరైనా తెచ్చి చూపితే, ఎక్కడ దొరికిందో నమోదు చేసుకొని తిరిగి ఇచ్చేస్తారు. నాణెం దొరికినవాడి దగ్గరే ఉండవచ్చు, దాని చిరునామా మాత్రం ప్రజలది అవుతుంది. పది లక్షలు దాటిన ఆ నమోదుల్లో కడపటి రోమన్ కంచు నాణేలకు కొదవ లేదు. ఆ పద్ధతికీ విమర్శకులున్నారు, వస్తువుల కోసం పొలాల వేటను అది ప్రోత్సహిస్తుందన్న వాదన తీసిపారేయదగ్గది కాదు. అయినా భయపెట్టి సంపాదించిన మౌనం కన్నా అడిగి రాబట్టిన చిరునామా మేలు.

తెలుగు రాష్ట్రాల్లో ఇసుక రాజకీయం ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా ఇసుక విధానం మారింది. కృష్ణ, పెన్న గర్భాల నుంచి తోడిన ఇసుకకు టన్నుల లెక్క ఉంది, లారీల లెక్క ఉంది, ఆరోపణల లెక్క అసెంబ్లీ రికార్డుల్లో ఉంది. ఆ ఇసుకను ఊరూరా ఇళ్ల ముందు మేస్త్రీలు, కూలీలు జల్లెడ పడుతూనే ఉన్నారు. జల్లెడలో మిగిలింది గులకరాళ్లతో కలిసి పునాది గోతిలోకి పోతోంది.